కలము తరిమెన పట్టుట

కలము తరిమెన పట్టుట అనగా వేగంగా తిరిగే లేతుకు చిన్న కొయ్యముక్కను గాని, ఎబొనైటు కడ్డీని గాని బిగించి, ఉలితో చెక్కి కలము కాడను తయారుచేసే హస్తకళ. తెలుగునాట ఇది రాజమహేంద్రవరంలో దాదాపు వంద సంవత్సరాలుగా వృత్తిగా ఉన్నది. ఒక గట్టి బల్ల, చిన్న లేతు, మూడు ఉలులు ఉంటే ఇంటి వసారాలో అభిరుచిగా కూడా చేయవచ్చును. శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం తీరప్రాంతంలో దొరికే కొయ్యతో ఈ పనిని ఎలా మొదలుపెట్టవచ్చునో ఈ వ్యాసంలో వివరించబడినది.

తరిమెన అనునది లేతుకు పాత తెలుగు మాట. మంచం కోళ్ళు, బొంగరాలు, పప్పుగుత్తులు, ఉయ్యాల బల్లల కమ్మీలు తరిమెన మీదనే తయారయ్యేవి. పూర్వపు తరిమెనను తాడుతో లాగి ముందుకు వెనుకకు త్రిప్పేవారు. నేటి లేతు కరెంటు మోటారుతో ఒకే దిక్కుగా తిరుగుతుంది. ఇంతకు మించి ఈ రెండింటికీ మూలసూత్రంలో భేదం లేదు. వస్తువు తిరుగుతుంది, ఉలి కదలక నిలుస్తుంది.

నేపథ్యం

తాటాకుల మీద ఇనుప గంటంతోను, కాగితం మీద రెల్లు కలంతోను వ్రాసిన కాలంలో కలానికి తరిమెనతో అంతగా పనిలేదు. సిరాను తనలోనే నింపుకొనే పాళీకలం వచ్చిన తరువాత కాడకు లోపల సరియైన రంధ్రం, మూతకు మరలు, వెలుపల నునుపు అవసరమయ్యాయి. ఇవన్నీ లేతు పనులే. అప్పటి కలాలకు ముఖ్యమైన ముడిసరుకు ఎబొనైటు. రబ్బరులో గంధకం ఎక్కువ పాళ్ళలో కలిపి చాలాసేపు వేడిచేయగా తయారయ్యే గట్టి పదార్థమిది. దీనిని చెక్కుతున్నప్పుడు గంధకం వాసన గది అంతా నిండుతుంది.

రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం స్వదేశీ ఉద్యమ ప్రభావంతో, గాంధీజీ మాట మీద కలాల తయారీకి పూనుకొని 1932లో రత్నం పెన్నుల పరిశ్రమను స్థాపించాడు. జె.సి. కుమారప్ప ద్వారా తనకు అందిన రత్నం కలమును వాడి చూసి, బాగున్నదని తెలుపుతూ గాంధీజీ 1935లో వార్ధా నుండి ఆయనకు ఉత్తరం వ్రాశాడు. అదే పట్టణానికి చెందిన గైడర్ పెన్నులు కూడా చేతితో తరిమెన పట్టిన ఎబొనైటు కలాలకు పేరుపొందాయి. పలాస మీదుగా వెళ్ళే హౌరా - చెన్నై రైలుమార్గం మీదనే రాజమహేంద్రవరం కూడా ఉన్నది. ఈ పని నేర్వదలచిన ఉద్దానం వారు ఒకసారి అక్కడకు వెళ్ళి, నిపుణుడి చేతిలో ఉలి ఎలా ఆనుతుందో కళ్ళారా చూడటం మంచిది. పది పుస్తకాలు చదివినా తెలియని సంగతి అరగంటలో తెలుస్తుంది.

కొయ్యను తరిమెన పట్టి లక్క పూసే మరొక సంప్రదాయం ఏటికొప్పాకలో ఉన్నది. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ గ్రామం 2022 వరకు విశాఖపట్నం జిల్లాలోను, అటు పిమ్మట అనకాపల్లి జిల్లాలోను చేరినది. అక్కడి బొమ్మలను తెల్లని, మెత్తని అంకుడు కర్రతో చేస్తారు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. సహజ రంగుల వాడకాన్ని తిరిగి తెచ్చిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ పురస్కారం వచ్చినది. అభిరుచిగా కలాలు చేసేవారికి రాజమహేంద్రవరం నుండి కలము నిర్మాణం, ఏటికొప్పాక నుండి మెరుగు పెట్టే పద్ధతి నేర్చుకోవలసినవి.

ఇతర దేశాలలో, ముఖ్యంగా అమెరికాలో, కలపు విడిభాగాలు పొట్లాలుగా అమ్మకానికి వచ్చిన తరువాతనే ఈ పని ఇంటి అభిరుచిగా వ్యాపించినది. ఇత్తడి గొట్టాలు, మొన, క్లిప్పు, నడిమి పట్టీ, త్రిప్పితే రీఫిల్లును బయటకు తెచ్చే మర అన్నీ ఒకే పొట్లంలో ఉంటాయి. చేసేవాడు కొయ్య కాడను మాత్రమే చెక్కుకోవాలి.

ఉద్దానంలో దొరికే కొయ్య

ఉద్యానవనం అనే మాట నుండి ఉద్దానం అనే పేరు వచ్చినదని చెబుతారు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల ఇసుక నేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలు విస్తారంగా పెరిగాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఈ తోటలు ఘోరంగా దెబ్బతిన్నాయి. తాతలు నాటిన చెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. అంతకుముందు 2013లో ఫైలిన్ తుఫాను కూడా ఈ తీరాన్ని తాకినది. అట్లు పడిన చెట్టు దుంగలను దాచుకోవడం ఏ ఇంటివారికీ సాధ్యం కాదు. కాని ఒక కలానికి కావలసినది సుమారు 2 సెం.మీ. మందం, 13 సెం.మీ. పొడవు గల ముక్క మాత్రమే. పశువుల శాలలో వాసాల మధ్య మిగిలిపోయిన మోపెడు కర్రలో కొన్ని పదుల కలాలకు సరిపడే కొయ్య ఉంటుంది.

మొదటి కలానికి పనసను మించిన కొయ్య లేదు. పోగు తిన్నగా ఉంటుంది, ఉలికి లొంగుతుంది, చెద త్వరగా పట్టదు. కోసినప్పుడు పసుపు పచ్చగా ఉండి, వెలుతురు సోకిన కొద్దీ తేనె రంగుకు, తరువాత గోధుమ రంగుకు తిరుగుతుంది. విజయనగరం జిల్లాలోని బొబ్బిలి వీణలను పనస కొయ్యతోనే చేస్తారు. వీణకు పనికివచ్చిన చేవ కలానికి పనికిరాకపోదు.

జీడిమామిడి కొయ్య లేత రంగుది, కొంచెం మెత్తనిది. చెక్కడం సులువు గాని నునుపు తేలడానికి ఓపిక కావాలి. పోర్చుగీసువారు బ్రెజిలు నుండి తెచ్చిన ఈ చెట్టు మామిడి కుటుంబానికే చెందినది. పచ్చి బెరడులోను, గింజ పెంకులోను చర్మాన్ని కాల్చే సొన ఉంటుంది. పలాస - కాశీబుగ్గలోని జీడిపప్పు కార్మికుల చేతివేళ్ళను చూసినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కనుక బెరడు పూర్తిగా తీసి, బాగా ఎండిన కొయ్యనే వాడాలి. జీడిపెంకు నూనె వార్నీషుల పరిశ్రమలో వాడబడుతున్నది కదా అని పచ్చి నూనెను కలానికి పూయరాదు. ఆ కలం పట్టుకున్నవారి వేళ్ళు పొక్కిపోతాయి.

కొబ్బరి, తాటి చెట్లకు ఇతర చెట్ల వలె వార్షిక వలయాలు ఉండవు. కాండంలో గట్టి నార పోగులు మెత్తని పదార్థం మధ్య నిలువుగా పేర్చినట్లు ఉంటాయి. బెరడును ఆనుకొని ఉన్న వెలుపలి భాగం రాయి వలె గట్టిగాను, నడిమి భాగం బెండు వలెను ఉంటుంది. బాగా ముదిరిన చెట్టు మొదలు నుండి, వెలుపలి వైపు కోసిన ముక్కలే కలానికి పనికివస్తాయి. తాటి చేవలోని నల్లని చారలు తరిమెన మీద ఎంతో అందంగా తేలుతాయి. కాని ఈ రెండూ ఉలి పదునును త్వరగా తినివేస్తాయి, పోగులు లేచి ముళ్ళవలె గుచ్చుకుంటాయి. పది కలాలు చేసిన తరువాత వీటి జోలికి పోవడం మేలు.

మామిడి కొయ్య తడి ఇసుకలో కొన్ని నెలలు పడి ఉంటే బూజు వలన దానిలో నల్లని గీతలు ఏర్పడతాయి. ఇవి చూడటానికి సిరాతో గీసినట్లు ఉంటాయి. అయితే ఆ కొయ్య కొంత కుళ్ళినట్టే లెక్క. పలుచని జిగురు పీల్పించి గట్టిపరిస్తే తప్ప ఉలికి ఆగదు. సరుగుడు మిక్కిలి గట్టిది గాని ఎండేటప్పుడు పగుళ్ళు తీస్తుంది. చింత చేవ, గంగరావి మంచివి. ఎర్రచందనం మీద మోజు పడేవారు ఉంటారు. అనుమతి పత్రాలు లేని ఎర్రచందనం ముక్కను చిన్నదైనా దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం.

ఆరబెట్టుట

క్రొత్తగా మొదలుపెట్టినవారి కలాలు పాడవడానికి ప్రధాన కారణం ఉలి కాదు, తేమ. సముద్రతీరంలో గాలి తేమగా ఉంటుంది. గాలిలో సాపేక్ష తేమ 80 శాతం ఉన్నచోట ఎంతకాలం ఎండబెట్టినా కొయ్యలో సుమారు 16 శాతం తేమ నిలిచి ఉంటుంది. గాలిలో తేమ 40 శాతానికి తగ్గితే కొయ్యలోని తేమ 8 శాతానికి దిగుతుంది. తేమ తగ్గిన కొయ్య కుంచించుకుపోతుంది. కలంలో కొయ్యకు లోపల ఇత్తడి గొట్టం ఉంటుంది, అది కుంచించుకుపోదు. అందువలన పలుచని కొయ్య నిలువునా పగులుతుంది.

బారువలోనో వజ్రపుకొత్తూరులోనో చేసినప్పుడు చక్కగా ఉన్న కలం హైదరాబాదులో ఏసీ గదికి గాని, చలికాలంలో హీటరు వేసే అమెరికా ఇంటికి గాని చేరిన కొన్ని వారాలకు చీలిపోవడానికి కారణం ఇదే. ఊరు విడిచి దూరాన ఉన్న బిడ్డకు ఇంటి పెరటి చెట్టుతో చేసిన కలం పంపాలనుకునేవారు ఈ విషయం ముందుగానే తెలుసుకోవాలి. ఆ చెట్టు మళ్ళీ దొరకదు.

దుంగ నుండి కోసిన ముక్కల రెండు కొనలకు వెంటనే మైనం గాని పెయింటు గాని పూయాలి. లేకుంటే కొనలు ముందుగా ఎండి పగుళ్ళిస్తాయి. ముక్కల మధ్య గాలి ఆడేటట్లు పుల్లలు పెట్టి, నీడలో పేర్చాలి. ఎండలో పెట్టరాదు. కలం కొలతకు చీల్చిన పలుచని ముక్కలు కొన్ని నెలలలో పైపైన ఎండుతాయి. తరువాత వాటిని ఒక చెక్కపెట్టెలో, చిన్న విద్యుత్ బల్బు వెచ్చదనంలో ఉంచాలి. నేడు ఎక్కువగా దొరికే ఎల్.ఇ.డి. బల్బు ఇంత వేడినివ్వదు, పాతరకం తీగ బల్బు కావాలి. బల్బు కొయ్యకు తగలకుండా ఎడంగా ఉండాలి. వారానికొకసారి ముక్కను బంగారం తూచే చిన్న కాటా మీద తూచి, బరువు ముక్క మీదనే పెన్సిలుతో వ్రాయాలి. మూడు వారాలు వరుసగా బరువు మారకుంటే అది ఎండినట్లు. చెట్టు పేరు, తోట ఉన్న ఊరు, పడిన తేదీ కూడా అప్పుడే వ్రాసి ఉంచాలి. ఎండిన తరువాత పనస తప్ప తక్కిన ముక్కలను ఒకదానినుండి మరొకటి గుర్తుపట్టడం కష్టం.

పనిముట్లు

అర హెచ్.పి. మోటారు గల చిన్న బల్ల లేతు ఈ పనికి చాలు. దానితోపాటు ముక్కను చదరం నుండి గుండ్రం చేసే డొల్ల ఉలి, నునుపు తేల్చే ఏటవాలు అంచు ఉలి, కొసలు తెగకోసే సన్నని ఉలి కావాలి. ఉలులు సానపెట్టే రాయి లేతు కంటె ముఖ్యమని చెప్పవచ్చు. మొద్దు ఉలి కొయ్యను కోయదు, చింపుతుంది.

కొయ్య ముక్కలను గుచ్చి లేతుకు బిగించే ఉక్కు చువ్వను మ్యాండ్రెల్ అంటారు. ముక్కకు రెండు వైపులా తొడిగే కొలత ఉంగరాలను బుష్‌లు అంటారు. కాడ చివరలు ఎంత లావు వరకు చెక్కాలో ఇవే చెబుతాయి. వీటిని పట్టణంలోని ఇనుప లేతు షెడ్డులో చేయించుకోవచ్చును. టెక్కలికి దగ్గరలోని బుడితి గ్రామం కంచు, ఇత్తడి సామానుకు ప్రసిద్ధి. అయితే కలానికి కావలసినది పాత్రల ఇత్తడి కాదు, అతి పలుచని గోడగల గొట్టం. దానిని విడిభాగాల పొట్లంతోపాటే తెప్పించుకోవాలి.

తయారీ విధానం

సన్నని బాల్ పెన్ను మొదటి పనికి అనువైనది. దీనికి 7 మి.మీ. లావు గల రెండు ఇత్తడి గొట్టాలు ఉంటాయి. కొయ్య ముక్క మీద నిలువుగా ఒక గీత గీసి, గొట్టం కంటె 3 మి.మీ. పొడవు ఎక్కువగా ఉండేటట్లు రెండు ముక్కలు కోయాలి. ఈ గీత వలన కలం పూర్తయ్యాక పై ముక్క పోగు క్రింది ముక్క పోగుతో కలుస్తుంది.

తరువాత ముక్క నడుమ నిలువునా 7 మి.మీ. రంధ్రం తొలచాలి. ఈ పనిలో తొందర కూడదు. డ్రిల్లు బిట్టును కొద్దికొద్దిగా లోనికి పంపుతూ, ప్రతిసారి వెనుకకు లాగి పొట్టు తీయాలి. పొట్టు ఇరుక్కుంటే వేడెక్కి కొయ్య చీలుతుంది. బిట్టు అవతలకు పొడుచుకు వచ్చేటప్పుడు కూడా అంచులు ఊడిపోతుంటాయి. ముక్కను కొంత పొడవు ఎక్కువ ఉంచి, బిట్టు చివరిదాకా రాకముందే ఆపి, మిగిలిన కొసను రంపంతో కోసివేయడం సులువైన ఉపాయం.

ఇత్తడి గొట్టాన్ని ఉప్పు కాగితంతో రుద్ది గరుకు చేసి, అరాల్డైటు వంటి రెండు భాగాల జిగురు పూసి, త్రిప్పుతూ రంధ్రంలోనికి నెట్టాలి. గొట్టం లోపలికి జిగురు పోకుండా ముందుగా దాని మూతిని పచ్చి బంగాళాదుంప బిళ్ళలో గుచ్చితే, ఆ ముక్క బిరడా వలె ఉండిపోతుంది. మరునాడు దానిని పొడిచి తీసివేసి, కొసలను ఇత్తడి కనబడే వరకు సమంగా అరగదీయాలి. కొస వంకరగా ఉంటే పూర్తయిన కలంలో అక్కడ సందు కనబడుతుంది.

ముక్కలను బుష్‌లతో సహా మ్యాండ్రెల్‌కు ఎక్కించి బిగించాలి. మరీ బిగిస్తే చువ్వ విల్లు వలె వంగి, కాడ ఒకవైపు లావుగా, మరొకవైపు పలుచగా వస్తుంది. ఉలిని ముందుగా ఆధారపు దిమ్మ మీద ఆన్చి, పిదప మెల్లగా కొయ్యకు తాకించాలి. గాలిలో ఉన్న ఉలిని తిరిగే కొయ్యకు తాకిస్తే అది చేతిలోనుండి ఎగిరిపోతుంది. చదరపు అంచులు పోయేవరకు టకటకమని శబ్దం వస్తుంది, గుండ్రమైన తరువాత ఆ శబ్దం ఆగిపోతుంది. ఉలి పదునుగా ఉంటే కొయ్య పొడిగా రాలదు, పొడవైన చుట్టలుగా లేస్తుంది. బుష్‌ల మట్టానికి వచ్చేసరికి కొయ్య మందం మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. కనుక చివరి కోతలు అతి పలుచగా ఉండాలి.

ఉప్పు కాగితాన్ని 150 నంబరుతో మొదలుపెట్టి 240, 320, 400, 600 వరకు వరుసగా వాడాలి. ప్రతి నంబరు తరువాత లేతు ఆపి, పోగు వెంబడి నిలువుగా చేతితో రుద్దితే అడ్డగీతలు పోతాయి. ఒక నంబరు వదలివేసి ముందుకు పోయినవారు మెరుగు పెట్టిన తరువాత ఆ గీతలను చూసి చింతిస్తారు.

చివరగా భాగాలను బెంచి వైసులో చెక్కముక్కల మధ్య ఉంచి, నెమ్మదిగా నొక్కి అమర్చాలి. రీఫిల్లు మరను లోనికి నొక్కేటప్పుడు మధ్యమధ్య రీఫిల్లు పెట్టి మొన ఎంత బయటకు వస్తున్నదో చూడాలి. తక్కువ నొక్కితే మరికొంత నొక్కవచ్చు. ఎక్కువ నొక్కితే కొయ్య చెడకుండా వెనుకకు తీయడం దాదాపు అసాధ్యం. గంటల పని ఈ ఒక్క నొక్కుడుతో వృథా కావచ్చును.

మెరుగు పెట్టుట

ఏటికొప్పాక కళాకారులు తిరుగుతున్న కొయ్యకు రంగు లక్క కడ్డీని అదిమి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు అంటుకుంటుంది. దానిని మొగలి ఆకుతో సమంగా పరచి నిగ్గు తేలుస్తారు. మొగలి పొదలు ఉద్దానం నుండి గంజాం వరకు తీరం పొడవునా ఉన్నాయి కనుక ఆకుకు వెతుకులాట లేదు. అయితే లక్క వేడికి మెత్తబడుతుంది, తడికి తెల్లబారుతుంది. అలంకారపు బొమ్మకు ఇది లోపం కాదు గాని, మే నెలలో చెమటతో తడిసే చొక్కా జేబులోని కలానికి లోపమే. నిత్యం వ్రాసే కలానికి ఫెవిక్విక్ వంటి సైనోయాక్రిలేటు జిగురును పలుచని పొరలుగా, ఒకటి ఆరిన తరువాత ఒకటి, ఎనిమిది పది మార్లు పూసి మెరుగు పెట్టడం ఎక్కువ మన్నిక. దీనిని పూయడానికి కాగితమే వాడాలి. నూలు గుడ్డకు ఈ జిగురు ఎక్కువగా తగిలితే గుడ్డ వేడెక్కి పొగలు వస్తాయి, చేయి కాలుతుంది.

జాగ్రత్తలు

భుజం మీద తువ్వాలు, వదులైన చొక్కా చేతులు, చీర కొంగు, వదులైన జడ, చేతికి కట్టిన తోరము, గాజులు - ఇవేవీ తిరిగే లేతు దరికి రాకూడదు. చేతితొడుగులు కూడా ధరించరాదు. తొడుగు చిక్కుకుంటే చేతిని లోనికి లాగుతుంది. కళ్ళద్దాలు చాలవు, ముఖాన్ని కప్పే పారదర్శక కవచం అవసరం.

పల్లెలలో మరొక ప్రమాదం ఉన్నది. పని మధ్యలో కరెంటు పోయినప్పుడు స్విచ్చి ఆపకుండా, కొయ్యను చేతితో తడిమి చూడటం చాలామందికి అలవాటు. కరెంటు తిరిగి రాగానే లేతు ఒక్కసారిగా తిరుగుతుంది. కరెంటు పోయిన క్షణమే స్విచ్చి ఆపాలి.

సన్నని కొయ్య ధూళి కంటికి కనబడదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కొయ్య ధూళిని మానవులకు క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చినది. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు, ఎన్-95 రకం ముసుగు వాడాలి. బూజు పట్టిన మామిడికి, జీడిమామిడికి ఇది మరింత అవసరం. పడకగదిలోను, వంట ఇంటిలోను లేతు పెట్టరాదు.

పాళీకలం వైపు

కొన్ని బాల్ పెన్నులు చేసి చేయి కుదిరిన తరువాత ఎబొనైటు పాళీకలానికి పోవచ్చును. ఇందులో విడిభాగాల పొట్లం ఉండదు. కాడ, మూత, పాళీ అమరే మెడ మూడింటినీ కడ్డీ నుండే చెక్కి, లోపల వెలుపల మరలు కోసుకోవాలి. పాళీ, దాని అడుగున సిరాను నడిపే నాలుక మాత్రమే కొనవలసి ఉంటుంది. ఎబొనైటు వేడికి మెత్తబడుతుంది కనుక డ్రిల్లును మరింత నిదానంగా నడపాలి. కాడ లోపలి గోడలో ఒక్క గీత మిగిలినా మర వెంట సిరా కారుతుంది. అందుచేత క్రొత్త కలంలో ముందుగా సిరా పోయరు. నీరు నింపి, మూత పెట్టి, తెల్లకాగితం చుట్టి ఒక రాత్రి తలక్రిందులుగా నిలబెడతారు. తెల్లవారి కాగితం పొడిగా ఉంటే అప్పుడు సిరా నింపుతారు. తడిసి ఉంటే కాడను మళ్ళీ లేతుకు ఎక్కిస్తారు.